సీతాఫలాల చర్చి

మా బావ జానకిరామయ్యకి ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చూసేవాడు. పెళ్ళిచూపులకి మా ఇంటికి వచ్చిన రోజున కూడా అదే పని చేశాడట. మా నాన్న "గోడ గట్టిదే బాబూ, నువ్వు చూడాల్సింది అమ్మాయిని" అన్నాడని మా అమ్మ పోయేదాకా చెప్పుకుని నవ్వింది. అతని తప్పేం లేదు. అప్పటికే మద్రాసు స్టూడియోల్లో ఐదేళ్ళు పనిచేసి ఉన్నాడు. అక్కడ గోడ అంటే ముందు రంగు, వెనక కర్రలు, మధ్యలో గాలి.

బావది మౌల్డింగ్ పని. సినిమాల్లో రాజుగారి మేడకి స్తంభాలుంటాయి కదా, వాటి మీద సింహం తలలూ తామరపూలూ ఉంటాయి కదా, అవన్నీ బంకమట్టితో అచ్చు తీసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి, ఆరాక రంగు కొట్టి నిలబెట్టేవాళ్ళని మౌల్డింగ్ మాస్టర్లు అంటారు. తెనాలి పక్క పల్లెటూళ్ళో విగ్రహాలు చేసే ఇంట్లో పుట్టాడు. మద్రాసులో పెరిగాడు, అంటే పనిలో పెరిగాడు. సినిమా కంపెనీలు ఒక్కొక్కటీ హైదరాబాదుకి తరలిపోతుంటే తనూ 1985లో మా అక్క అమ్మాజీని, రెండు ట్రంకుపెట్టెలనీ, ఒక బస్తాడు ఉలులనీ పనిముట్లనీ వేసుకుని వచ్చి రహమత్ నగర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. వెనకాలే నేనూ వచ్చాను. నేను స్టిల్ ఫొటోగ్రాఫర్ని. పేరు సుబ్బరామయ్య. పని దొరికేదాకా అని వాళ్ళింట్లో దిగి, దొరికాక కూడా వాళ్ళింట్లోనే తింటూ ఉండిపోయాను. నా గురించి ఇంతకంటే అక్కర్లేదు.

బావ చేసినవి ఎంత బాగుండేవో చెబితే బావమరిది కదా అంటారు. కాని ఒకసారి జూబ్లీహిల్స్ కొండ మీద వేసిన గుడి సెట్టుకి జనం కొబ్బరికాయలు పట్టుకొచ్చేశారు. మొక్కులు మొక్కుకుని ఒకావిడ జుట్టు కూడా ఇచ్చేసేదే, ప్రొడక్షన్ వాళ్ళు అడ్డుపడ్డారు కాబట్టి సరిపోయింది. ఆ గుడి పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు పొద్దున్న గడ్డపారలు పట్టుకుని ఎనిమిదిమంది వచ్చారు. స్థలం ఇంకో కంపెనీకి కావాలి.

సెట్టు పగలగొట్టేటప్పుడు బావ అక్కడ ఉండేవాడు కాదు. టీ కొట్టుకి వెళ్ళి, ఆ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఇంకో టీ చెప్పేవాడు.

సినిమా విడుదలైతే మాత్రం అక్కని మొదటి వారమే తీసుకెళ్ళేవాడు. అక్క ముస్తాబై, మల్లెపూలు పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని కళ్ళు చిట్లించుకుని చూసేది. "అదిగో అమ్మాజీ, ఆ వెనక స్తంభం..." అని అతను చెయ్యెత్తేలోగా షాటు మారిపోయేది. లేదా హీరోయిన్ తల అడ్డం వచ్చేది. ఒక సినిమాలో అతను ఇరవై రోజులు కూర్చుని చేసిన ఏనుగు మొత్తం మసగ్గా, హీరోగారి చెవి వెనక నాలుగు సెకన్లు కనబడింది. అక్క పాపం "చూశానండీ, బాగుంది" అనేది. అబద్ధమని అతనికి తెలుసు. తెలుసని అక్కకీ తెలుసు.

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. కాని ఒక సాయంత్రం మేడమీద బట్టలు తీస్తూ బావే అన్నాడు: "ఒరేయ్ సుబ్బరామా, నా చేత్తో చేసింది ఒక్కటంటే ఒక్కటి, నేను పోయాక కూడా నిలబడి ఉండాలిరా. పెద్దదేం అక్కర్లేదు. గుమ్మం మీద పువ్వయినా చాలు. మీ అక్కకి తాపీగా, కదలకుండా ఉండేది చూపించాలి."

నేను నవ్వేసి "మీ ఇంటివాడి గుమ్మం మీద చెయ్యి, అద్దె తగ్గిస్తాడేమో" అన్నాను. అతను నవ్వలేదు.

1990 ఎండాకాలంలో ఫిల్మ్‌నగర్ దగ్గర ఒక స్టూడియోలో పెళ్ళి సీను కోసం చర్చి సెట్టు వేశారు. పాత చర్చిలా ఉండాలన్నారు. బావకి పండగ. కొత్తగా కట్టిన గోడని వందేళ్ళ గోడలా చూపించడంలో అతన్ని మించినవాడు లేడు. టీ డికాక్షను చల్లుతాడు, మసి అద్దుతాడు, మేకుతో సన్నగా పగుళ్ళు గీస్తాడు, మూలల్లో ఆకుపచ్చ రంగు తుడిచి నాచు పట్టిస్తాడు. ఆ సెట్టులో ఓదెలు అని ఒక వడ్రంగి ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. మూడు రోజులు బావ పని చూసి, నాలుగో రోజున భోజనాల దగ్గర పక్కన వచ్చి కూర్చున్నాడు.

"సార్, మా ఊర్ల అసలు చర్చి ఉన్నది. ముందటి కమాను మీద సున్నం పని సగం రాలిపోయింది. జర మీరొచ్చి సూస్తరా?"

"అసలు చర్చి అంటే?"

"రాతిది సార్. లోపలంతా రాయే. నేను చర్చి సంఘంల పెద్దని."

రాయే అన్న మాట దగ్గర బావ ముద్ద ఆపేశాడు.

ఓదెలు ఊరి పేరు నందికుంట. ఫిల్మ్‌నగర్ గుట్టలకి అవతలి పక్కన, బండల మధ్య ఇరుక్కుని ఉండేది. ఇప్పుడక్కడ ఊరేదీ, నగరమేదీ ఎవరూ చెప్పలేరు. ఆ ఆదివారం కాలిబాటన మమ్మల్ని తీసుకెళుతూ ఓదెలు ఆ చర్చి కథ చెప్పాడు. అతని నోట అన్ని మాటలు ఒకేసారి విన్నది అదే.

నిజాం కాలంలో, ఒక జ్వరాల సంవత్సరం, గుర్రం మీద ఒక తెల్లదొర వచ్చి మందులిచ్చేవాడట. గుట్టలో రాళ్ళు కొట్టేవాళ్ళు, తోళ్ళ పనివాళ్ళు, ఓ ముప్పై కుటుంబాలు ఆయనతో కలిశాయి. గుడి కట్టుకోవాలంటే ఇచ్చేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేదు, గుట్ట నిండా రాయి తప్ప. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. ప్రార్థనకి వచ్చేవాళ్ళెవరూ ఉత్తచేతులతో రాకూడదు, నెత్తిన ఒక రాయి పెట్టుకుని రావాలి. మగాళ్ళు పెద్దరాళ్ళు తెచ్చారు. చంకలో పిల్లలున్న ఆడవాళ్ళు చిన్నరాళ్ళు తెచ్చారు. రెండేళ్ళ ఆదివారాలు అలా గడిచాక గోడలు లేచాయి. ఆ గోడల్లో పెద్దరాళ్ళ మధ్య సందుల్లో పిడికిలంత రాళ్ళు కుక్కి ఉంటాయి. అవి తల్లులు తెచ్చినవి.

మేం వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయింది. చిన్న చర్చి. గట్టిగా వందమంది పడతారు. పైన పెంకులు, ముందు గుమ్మానికి కమాను. గుమ్మం పైన 1916 అని చెక్కి ఉంది. బావ యథాప్రకారం గోడని కణుపుతో తట్టాడు. చప్పుడు లేదు. చెయ్యి నొప్పెట్టి విదిలించుకున్నాడు. అతని మొహంలో అంత సంతోషం నేను పెళ్ళి ఫొటోల్లో కూడా చూడలేదు.

కమాను చుట్టూ సున్నంతో చేసిన తీగ పాకుతోంది. ఆకులు, మధ్యమధ్య గుండ్రటి పళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే అవి సీతాఫలాలు.

"దొర ద్రాక్షతీగ బొమ్మ చూపెట్టిండు," అన్నది ఒక ముసలమ్మ, చెట్టుకింద నులకమంచం మీద కూర్చుని. "మా నాయిన ద్రాక్ష ఎన్నడు సూడలే. గుట్ట మీదుండే పండే తెలుసు. గదే చేసిండు. దొర సూసి కడుపు పట్టుకుని నవ్విండంట. నవ్వి, ఉండనియ్యమన్నడు."

ఆవిడ కొమురమ్మ. చర్చి కట్టేటప్పుడు ఏడేళ్ళు. ఆ ఊళ్ళో ఆ చర్చిని కట్టేటప్పుడు చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

కుడిపక్క సీతాఫలాల్లో సగం రాలిపోయాయి. ఎవరో పాపం మంచికేనని సిమెంటు పూశారు. వానలకి సిమెంటు వెనక నీళ్ళు నిలిచి, ఊడి పడుతూ పాత సున్నాన్ని కూడా లాక్కుపోయింది. సంఘంలో కొందరు, ముఖ్యంగా కాస్త చదువుకున్నవాళ్ళు, ముందుగోడ తీసేసి స్లాబు వేద్దామంటున్నారు. ఓదెలు, కొమురమ్మ ఒప్పుకోవడం లేదు.

"ఒక్క కమాను నిలబెడితే ఆ మాట ఆగుతది సార్," అన్నాడు ఓదెలు.

బావ ఇంటికొచ్చి అన్నం తింటూ అక్కతో చెప్పాడు. "రాయి అమ్మాజీ. రాతిమీద పని. ఎవరూ పగలగొట్టరు."

అక్క వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టకుండా కాఫీ తాగని మనిషి. "చేసి పెట్టండి. దేవుడిల్లే కదా," అంది. మర్నాటినుంచి కేరేజీలో రెండు గిన్నెలెక్కువ కట్టింది, ఓదెలుక్కూడా.

మూడు వారాల్లో పని అయిపోయింది. అయిపోయిందంటే, బావకి తెలిసిన పద్ధతిలో. మిగిలిన పళ్ళకి మట్టితో అచ్చు తీశాడు. కొబ్బరిపీచు కలిపి ప్లాస్టర్ పోశాడు. అతికించాడు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, తన విద్యంతా చూపించాడు. డికాక్షను, మసి, నాచు, పగుళ్ళు. పాత పండు పక్కన కొత్త పండు పెడితే నా కెమెరా కూడా తేడా పట్టలేకపోయింది. నేనే మెచ్చుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆదివారం పొద్దున ప్రార్థనకి ముందు గోనెపట్టా లాగారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. జనం చూశారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కొమురమ్మ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, గీ పగుళ్ళు ఎవరు పెట్టిన్రు?"

"నేనేనమ్మా. పాతదానితో కలిసిపోవాలని."

"సున్నం పూసినంక పగులు రావద్దని మా నాయిన పది దినాలు తడిబట్టలు కప్పి కావలి పండుకున్నడు. నువ్వు గీకి మరీ పెట్టినవా?"

కుండలో నీళ్ళతో అరచెయ్యి తడిపి ఒక పండుని రుద్దింది. పచ్చరంగూ టీరంగూ చేతికి వచ్చాయి, వెనకాలే తెల్లటి పొడి. చెయ్యి చీరకొంగుకి తుడుచుకుంది. కోపంగా అనలేదు, అదే బాధ.

"మాకు పాత గుడి వద్దు బిడ్డా. మా గుడి కావాలె."

నాకు కోపం వచ్చింది. ముసల్దానికి కళ అంటే ఏం తెలుసని దారంతా గొణిగాను. బావ ఇంటికొచ్చి అన్నం వద్దని పడుకున్నాడు. గోడవైపు తిరిగి, "ముప్పై ఏళ్ళనుంచి నేను నేర్చుకున్నది, దూరం నుంచి చూసేవాడి కోసంరా. దగ్గరికొచ్చి చెయ్యి వేసేవాళ్ళుంటారని ఎప్పుడూ అనుకోలేదు," అన్నాడు.

మర్నాడు ఉలి, సుత్తి పట్టుకెళ్ళి, తను పెట్టినవన్నీ తనే పగలగొట్టాడు. టీ కొట్టుకి వెళ్ళలేదు. ఒక్కొక్క పండూ తీసి కింద పెట్టి, ముక్కలు ఎత్తి, చోటు తుడిచి, వెళ్ళి కొమురమ్మ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మీ నాయిన ఎలా చేశాడో చెప్పమ్మా."

"చెప్తె వినే ఓపిక ఉన్నదా?"

"ఉంది."

లేదు. నేను చూశాను కదా. రాత్రికి రాత్రి మేడలు కట్టినవాడు. రాతిసున్నం గుంటలో పోసి నలభై రోజులు నాననివ్వాలని కొమురమ్మ చెప్పినప్పుడు అతనికి మతిపోయింది. రోజూ పొద్దున్నే వెళ్ళి గుంటలోకి చూసేవాడు. నేను "పాలు తోడుకున్నాయా బావా?" అని ఏడిపించేవాణ్ణి. ఎర్రగడ్డ వెళ్ళి కరక్కాయలూ నల్లబెల్లమూ తెచ్చాడు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు, బెల్లంనీళ్ళు ఏ పాళ్ళలో కలపాలో కొమురమ్మ నాలిక మీద వేసుకుని చెప్పేది. ఒకప్పుడు సున్నాన్ని ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారట, ఇప్పుడు సంఘంలో ఆడవాళ్ళు రోళ్ళలో వంతులేసుకుని రుబ్బారు. పాటలు పాడుకుంటూ రుబ్బారు. స్లాబు వెయ్యాలన్నవాళ్ళు గట్టు మీద కూర్చుని చూశారు. క్రిస్మస్ నాటికి కమాను నిలబడకపోతే తమ మాటే సాగాలని ఓదెలుతో ఒప్పించుకున్నారు కూడా.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద కంపెనీ నుంచి ప్రొడక్షన్ మేనేజరు స్కూటరు వేసుకుని రహమత్ నగర్ వచ్చాడు. దర్బారు సెట్టు, నలభై స్తంభాలు. బావ గుమ్మంలో నిలబడి, "సున్నం నానుతోందండీ, రాలేను," అన్నాడు. ఆ మాట నెలరోజులపాటు ఫిల్మ్‌నగర్‌లో తిరిగింది. లైట్లవాళ్ళ దగ్గర్నుంచి మేకప్‌వాళ్ళ దాకా నన్ను చూస్తే, "మీ బావగారి సున్నం నానిందా?" అనేవాళ్ళు. నానింది. వెన్నలా అయింది. దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు బావ చాలాసేపు కింద పెట్టలేదు.

సీతాఫలం మీద కన్నులుంటాయి కదా, వాటిని పనిముట్టుతో చెక్కబోతే కొమురమ్మ ఒప్పుకోలేదు.

"ఏలుతోటి ఒత్తాలె. మా నాయిన బొటనేలితోనే ఒత్తిండు. ఒక్కొక్క కన్ను."

సున్నం చేతుల్ని తినేస్తుంది. వారానికి బావ వేళ్ళ చివర్లు పొక్కి, తోలు ఊడిపోయింది. సాయంత్రం ఇంటికొస్తే అక్క కొబ్బరినూనె రాసేది. కారం అన్నం కలపలేకపోతుంటే తనే కలిపి ముద్దలు చేతిలో పెట్టేది. నేను ఎదురుగా కూర్చుని పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. "నువ్వొకసారి వచ్చి చూడవే," అనేవాడు బావ. అక్కకి మోకాళ్ళనొప్పులు. ఆ బండల దారిన రాలేదు. "ఉండేదే కదండీ. మెల్లగా చూస్తాను," అనేది. ఉండేదే అన్న మాటని అతను మళ్ళీ అనిపించుకునేవాడు.

గుమ్మానికి కుడిపక్క, చెయ్యి చాస్తే అందే ఎత్తులో, తీగ మొదలు దగ్గర ఒక పండు చోటు పూర్తిగా ఖాళీగా ఉంది. నేను మొదటి ఆదివారం తీసిన ఫొటోల్లోనూ లేదు. అది ఎప్పుడో రాలిపోయింది.

"గాడ మా నాయిన పగిలిన పండు పెట్టిండు," అంది కొమురమ్మ. "బాగ మాగి, నోరు తెరిసి, లోపల గింజలు కానొస్తుండె. నా కోసం పెట్టిండు. నన్నెత్తుకుని, గింజలెన్ని ఉన్నయో లెక్కవెట్టుమనెటోడు. నేను తప్పు జెప్తే మళ్ళ మొదటికెల్లి."

"ఎన్ని గింజలమ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మతికి లేదు బిడ్డా. గాయన మొఖమే సరిగ్గ మతికి లేదు. పండు మాత్రం మతికున్నది."

ఆ పండుని బావ ఐదుసార్లు చేశాడు. చేసి, ఆవిణ్ణి మంచంతో సహా మోయించి తెచ్చి చూపించేవాడు. "గిట్ల గాదు," అనేది. ఊడదీసేవాడు. "నోరు జర చిన్నగ," అనేది. మళ్ళీ ఊడదీసేవాడు. డైరెక్టర్లెంతమంది అరిచినా రెండోసారి చెయ్యని మనిషి. ఐదోసారి ఆవిడ గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపి, కొంగు మొహాన కప్పుకుంది.

పది రోజులు తడిగుడ్డలు కప్పి, పూట పూటకీ నీళ్ళు చల్లుతూ బావ అక్కడే ఉన్నాడు. ఒక్క పగులు రాలేదు. 1990 క్రిస్మస్‌కి ఆ గుమ్మంలోంచి సంఘమంతా లోపలికి వెళ్ళింది. స్లాబు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. కొత్త పళ్ళు తెల్లగా, పాతవి బూడిదరంగుగా, ఎవరికైనా తెలిసేలా విడివిడిగా ఉన్నాయి. ఎవరూ దానికి బాధపడలేదు.

ఓదెలు గుమ్మం పక్కన రాతిపలక మీద బావ పేరు చెక్కిద్దామన్నాడు. బావ "అబ్బే, ఎందుకు" అన్నాడు. అంటూనే నాకు తెలిసేలా సంబరపడ్డాడు. ఇంటికొచ్చి కాగితం మీద తన పేరు ఎలా ఉంటే బాగుంటుందో రాసుకుంటుంటే నేను పట్టుకున్నాను. కాని సంఘంవాళ్ళు కూర్చుని మాట్లాడితే, కట్టినప్పుడు ఎవరి పేరూ పెట్టలేదు, దొర పేరు లేదు, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు లేవు, ఇప్పుడెలా పెడతామన్నారు. ఓదెలు వచ్చి నసుగుతూ చెప్పాడు. "మీ మాటే సబబు," అన్నాడు బావ. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కతో అన్నాడు: "పేరు లేకపోతేనేం అమ్మాజీ. కుడిపక్క, పగిలిన సీతాఫలం. అదొక్కటి చూస్తే చాలు, అది నేను."

ఆ తర్వాత బావకి సినిమా పని తగ్గింది. స్తంభాలు థర్మకోల్‌తో కోసేస్తున్నారు. కొత్తవాళ్ళు గంటలో చేస్తారు. కొందరు శ్రీనగర్ కాలనీలో కట్టుకునే ఇళ్ళకి పైకప్పు పువ్వులు చేయించుకునేవారు. ఆ సంపాదనతో ఇల్లు నడిచింది. నందికుంటకి మట్టిరోడ్డు పడి, ఆటో వెళ్ళే దారి ఏర్పడేసరికి 1994 వచ్చింది.

దారి పడిన నెలలోనే, ఒక గురువారం మధ్యాహ్నం అక్కని ఆటో ఎక్కించాం. అక్క పట్టుచీర కట్టింది. బావ దారంతా ఒకటే మాట: "తొందరేం లేదు, నెమ్మదిగా చూద్దువుగాని. షాటు మారదు."

దిగి చూసేసరికి నాకే ఆశ్చర్యమేసింది. నాలుగు వానాకాలాలు పడ్డాయి కదా. తెలుపు పోయింది. ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా తీగంతా ఒకే రంగుకి వచ్చేసింది. డికాక్షను కొట్టకుండానే.

ఓదెలు ఎదురొచ్చాడు. చర్చి గుమ్మం మెట్టు మీద కొమురమ్మ కూర్చుని ఉంది. బాగా ఒంగిపోయింది. కళ్ళకి పొరలు కమ్మాయి. "ఈ నడుమ కొత్తయి మరిచిపోతున్నది సార్," అన్నాడు ఓదెలు మెల్లగా. "పొద్దుగాల తిన్నది కూడ యాదుండదు. పాతయే చెప్తది."

బావ ఆవిడ ముందు కూర్చుని, "బాగున్నావా అమ్మా? నేను జానకిరామయ్యని," అన్నాడు. ఆవిడ మర్యాదగా తలూపింది. గుర్తుపట్టలేదు. ఆడమనిషి గాజుల చప్పుడు విని అక్కవైపు తిరిగింది.

"ఎవరు బిడ్డా, గుడి సూడొచ్చినవా? రా, చూపెడత."

అక్క చెయ్యి పట్టుకుని కొమురమ్మ లేచింది. గోడ తడుముకుంటూ కుడిపక్కకి నడిచింది. చెయ్యి చాచి సరిగ్గా ఆ పండు మీద వేసింది. వేళ్ళు కన్నుల మీదుగా ఒక్కొక్కదాన్నీ తాకుతూ నోటి దగ్గరికి వచ్చాయి. తన బొటనవేలు ఒక గుంటలో పెట్టి ఉంచింది.

"గిది మా నాయిన చేసిండు. నాకోసం. గివి ఆయన ఏళ్ళే, సూడు. గుడంత ఎన్నిసార్లు పడ్డదో, లేసిందో. గిది మాత్రం గట్లనే ఉన్నది."

అక్క బావవైపు చూసింది. ఆ చూపు నేను చూడలేకపోయాను. ఓదెలు గొంతు సవరించుకుని, "అమ్మా, గది సారు..." అని మొదలుపెట్టాడు. బావ చెయ్యి ఎత్తి ఆపాడు.

"అవునమ్మా," అన్నాడు. "మీ నాయిన చేసిందే."

"ఆయన్ని నువ్వెరుగుదువా?"

"కొంచెం."

కొమురమ్మ సంతోషపడింది. గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అక్క తన చెయ్యి కూడా పండు మీద, ఆవిడ చేతి పక్కనే పెట్టి, లెక్క అయ్యేదాకా తియ్యలేదు.

ఆటో దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత పట్టలేకపోయాను. "ఒక్కటి ఉంది నీకు లోకంలో. ఒక్కటి. అది కూడా ఇచ్చేశావు. ఓదెలు చెబుతానంటే ఎందుకాపావు? అక్క దీనికోసమా ఇంతదూరం వచ్చింది?"

"అరవకురా," అంది అక్క. "నేను చూశాను." ఈసారి అబద్ధం కాదు.

బావ ఆటో పక్కన నిలబడి చేతులు చూసుకుంటున్నాడు. "కళ్ళతో చూసి పొరబడితే వేరురా," అన్నాడు. "ఆవిడ చేత్తో తడిమి చెప్పింది. వాళ్ళ నాన్న వేళ్ళని చెప్పింది. ఇన్నేళ్ళలో నా పనికి అంతమాట ఎవరన్నారు చెప్పు."

ఆటో ఎక్కాడు. ఎక్కి, అక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, కొండ దిగేదాకా అలాగే ఉంచుకున్నాడు. యూసుఫ్‌గూడ మలుపు దగ్గర, ఎవరితోనో తెలియకుండా, "నాదని ఒక్కసారి చెప్పాలనే ఉండింది," అన్నాడు. "నోటిదాకా వచ్చింది."